నేపాల్‌గంజ్ నుంచి సిమికోట్ ఎంత దూరం?

కైలాస మానససరోవర యాత్రకు నేపాల్ మీదుగా తీసుకెళ్లే ట్రావెల్స్ వారి కరపత్రాల్లో సాధారణంగా ఒక వరుస కనిపిస్తుంది. నేపాల్‌గంజ్ నుంచి సిమికోట్, విమానంలో 45 నిమిషాలు. ఈ దారిన వెళ్లేవారు ముందు లక్నో చేరతారు. అక్కణ్ణించి రోడ్డు మీద నాలుగైదు గంటలు ప్రయాణం చేసి, రుపైడీహా దగ్గర సరిహద్దు దాటి నేపాల్‌గంజ్‌లో దిగుతారు. మర్నాడు పొద్దున్నే చిన్న విమానం ఎక్కి హుమ్లా జిల్లా కేంద్రమైన సిమికోట్ చేరాలి. తర్వాత హెలికాప్టర్‌లో టిబెట్ సరిహద్దున ఉన్న హిల్సా. అక్కడ కర్నాలీ నది మీద వంతెన దాటి, బస్సులో తక్లాకోట్ మీదుగా మానససరోవరం. ఇంత పెద్ద దారిలో ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఒక్క ముక్క గురించే. ఆ రెండు చిన్న విమానాశ్రయాల మధ్య దూరం ఎంత, పట్టే కాలం ఎంత అన్నదాని గురించి. కరపత్రంలో వేసిన 45 నిమిషాలు అబద్ధం కాదు. కానీ ఆ అంకెను నమ్ముకుని సెలవు పెట్టుకున్నవాళ్లు, తిరుగు టికెట్ కొనుక్కున్నవాళ్లు, రోజూ వేసుకునే మందు బిళ్లలు సరిగ్గా పది రోజులకే లెక్కపెట్టి సర్దుకున్నవాళ్లు చిక్కుల్లో పడతారు. ఆ దూరాన్ని నిమిషాల్లో కొలవడమే పొరపాటనీ, రోజుల్లో కొలవాలనీ నా వాదన.

ముందు ఆ అంకె ఎక్కణ్ణించి వచ్చిందో చూద్దాం. పటం మీద ఈ రెండు విమానాశ్రయాల మధ్య తిన్నగా గీత గీస్తే సుమారు 207 కిలోమీటర్లు వస్తుంది. హైదరాబాద్ నుంచి కర్నూలుకు రోడ్డు మీద ఎంతో, ఇంచుమించు అంతే. నేపాల్ కొండల్లో ఎక్కువగా కనిపించే విమానం ట్విన్ ఆటర్. కెనడాలో తయారైన 19 సీట్ల విమానం. రెండు ప్రొపెల్లర్లు, లోపలికి ముడుచుకోని చక్రాలు, గంటకు సుమారు 270 కిలోమీటర్ల వేగం. ఆ వేగంతో 207 కిలోమీటర్లు పోవడానికి 46 నిమిషాలు పడుతుంది. మన కాన్పూర్‌లో కూడా తయారయ్యే డోర్నియర్ 228 అయితే ఇంకాస్త ముందే చేరుస్తుంది. లెక్క సరిపోయింది. కానీ ఈ లెక్కలో ఒక్క మాట చెప్పకుండా వదిలేశారు. విమానం బయల్దేరితే, అన్న మాట. నేపాల్‌గంజ్ తరాయి మైదానంలో ఉంది, సముద్రమట్టానికి 200 మీటర్ల ఎత్తు కూడా ఉండదు. సిమికోట్ 2,800 మీటర్లకు పైన ఉంది. మన తిరుమల కొండ వెయ్యి మీటర్లు కూడా లేదు. అలాంటి కొండలు మూడు ఒకదాని మీద ఒకటి పేర్చినంత ఎత్తున, లోయ అంచున చదును చేసిన ఒక చిన్న రన్‌వే మీద ఆ విమానం దిగాలి.

దిగడానికి పైలట్ దగ్గర ఉన్న ప్రధాన సాధనం కళ్లు. ఢిల్లీలో చలికాలం పొగమంచు కమ్మినప్పుడు రన్‌వే మీద 50 మీటర్ల దూరం కనిపిస్తే చాలు, తగిన పరికరాలున్న విమానాన్ని, తగిన శిక్షణ ఉన్న పైలట్‌ను దింపగలిగే ఏర్పాటు ఉంది. నేపాల్ కొండల్లోని చిన్న రన్‌వేలకు ఆ వసతి లేదు. అక్కడ కంటిచూపుతోనే ఎగరాలి, పగలే ఎగరాలి, మబ్బులోకి దూరకూడదు. అందుకని తెల్లవారేసరికి నేపాల్‌గంజ్‌లో విమానం సిద్ధంగా ఉన్నా, ఆకాశం అద్దంలా ఉన్నా, సిమికోట్ నుంచి లోయ తెరిపిగా ఉందన్న కబురు వచ్చేదాకా ఇంజన్ తిప్పరు. కింద ఎండ కాస్తుంటే ఎందుకు ఆపారని విసుక్కునే యాత్రికుడికి కనిపించనిది ఇదే. ఇక్కడ తెరిపి ఉండాలి, అక్కడ తెరిపి ఉండాలి, నడుమ దాటాల్సిన కనుమల మీదా తెరిపి ఉండాలి. మూడూ ఒకే గంటలో కుదరాలి. పైగా ఆ గంట పొద్దున్నే రావాలి. పొద్దెక్కేకొద్దీ ఎండకు కొండవాలు వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి పైకి లేస్తే దాని చోటులోకి లోయ అడుగు నుంచి గాలి ఎగదన్నుకొస్తుంది. మధ్యాహ్నానికి ఆ గాలి చిన్న విమానాన్ని నిలువునా కుదిపేసేంత బలం పుంజుకుంటుంది. ముక్తినాథ్ వెళ్లే మన వైష్ణవ యాత్రికులకు ఈ సంగతి పోఖరాలోనే తెలుస్తుంది. అక్కణ్ణించి ముక్తినాథ్ దారిలోని జోమ్‌సోమ్ తిన్నగా 70 కిలోమీటర్ల లోపే, విమానంలో ఇరవై నిమిషాలు. కానీ అన్నపూర్ణ, ధవళగిరి అనే రెండు 8,000 మీటర్ల పర్వతాల నడుమ కాళీగండకీ లోయలోంచి పోవాలి. ఆ గాలికి జడిసి అక్కడి విమానాలన్నీ పొద్దుటిపూటే ముగించుకుంటాయి. అంటే ఈ దారుల్లో రోజుకు ఇరవై నాలుగు గంటలు లేవు. ఉన్నవి ఐదారు. అవి జారిపోతే మళ్లీ రేపే.

ఎత్తు చేసే పని ఇంకొకటి ఉంది. 2,800 మీటర్ల దగ్గర గాలి సాంద్రత సముద్రతీరంలో ఉన్నదాంట్లో ముప్పావు వంతు. పల్చని గాలిలో రెక్కలకు అదే బలం రావాలంటే విమానం సుమారు 15 శాతం ఎక్కువ వేగంతో పోవాలి. వేగం అంత పెరిగితే నేల తాకాక ఆగడానికి పట్టే దూరం 30 శాతం దాకా పెరుగుతుంది. రన్‌వే పొడవు మాత్రం పెరగదు. ఇక మిగిలింది బరువు తగ్గించుకోవడం ఒక్కటే. అందుకే ఈ కొండ విమానాల దగ్గర సంచుల్ని కాటా మీద పెట్టి కిలోకు కిలో లెక్క చూస్తారు, ఒక్కోచోట మనుషుల్నీ తూస్తారు. 19 సీట్లున్నా అన్నీ నింపే వీలు అన్నిసార్లూ ఉండదు. లోపల కూర్చున్నాక ఒక ట్రే వస్తుంది. అందులో చెవుల్లో పెట్టుకోవడానికి దూది, చప్పరించడానికి చాక్లెట్లు ఉంటాయి. పెద్ద జెట్ విమానాల్లోలాగా లోపలి గాలి ఒత్తిడిని నిలిపే ఏర్పాటు ట్విన్ ఆటర్‌లో లేదు కాబట్టి చప్పరిస్తూ ఉంటే చెవులు మూసుకుపోకుండా ఉంటాయి. ముందు సీటులో కూర్చున్నవాడికి పైలట్ చెయ్యీ, ఆ చేతికి ఎదురుగా అద్దంలో కొండా రెండూ కనిపిస్తాయి. ఆ ట్రే చూస్తే చాలు, మనం శంషాబాద్‌లో ఎక్కే విమానానికీ దీనికీ పేరొక్కటే ఉమ్మడి అని అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. కైలాసం దగ్గర తిరగడానికి అనువైన కాలం మే నుంచి సెప్టెంబర్ వరకు. హిమాలయాలకు అవతల ఉన్న ఆ పీఠభూమికి వాన తక్కువ, వేసవిలో దారులు తెరుచుకుంటాయి. కానీ హిమాలయాలకు ఇవతల ఉన్న గుమ్మం, అంటే నేపాల్‌గంజ్ సిమికోట్ దారి, ఆ నెలల్లో ఎక్కువ భాగం రుతుపవనాల చేతిలో ఉంటుంది. జూన్ నడిమి నుంచి మబ్బు కొండల్ని పట్టుకుని వేలాడుతుంది. దీనికి తోడు పౌర్ణమి నాటికి మానససరోవరం ఒడ్డున ఉండాలన్న కోరిక. ఆ కోరిక తప్పని నేననను. కానీ దానివల్ల జట్లన్నీ నెలలో ఒకే వారానికి గుమిగూడతాయి. ఒక లెక్క వేసి చూద్దాం. మబ్బు పట్టి సిమికోట్‌లో 500 మంది ఆగిపోయారనుకుందాం. విమానానికి 15 మంది చొప్పున 34 ట్రిప్పులు కావాలి. వెళ్లి రావడానికి, దింపి ఎక్కించడానికి కలిపి ఒక్కో ట్రిప్పుకు దాదాపు రెండు గంటలు. పొద్దుటి ఐదారు గంటల్లో ఒక విమానం మూడుసార్లు తిరగగలదు. మూడు విమానాలు దొరికినా రోజుకు తొమ్మిది ట్రిప్పులు. ఆకాశం తెరిపిచ్చిన తర్వాత కూడా, ఒక్క గంట వృథా కాకుండా నడిపినా, చివరి మనిషి కిందికి దిగడానికి నాలుగు రోజులు. ఇది ఊహకు వేసిన లెక్కే గానీ ఊరికే వేసింది కాదు. 2018 జూలైలో భారీ వర్షాలకు ఈ దారిలో 1,500 మందికి పైగా భారతీయ యాత్రికులు చిక్కుకుపోయారు. అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ ప్రకటించిన ప్రకారం సిమికోట్‌లో 525 మంది, హిల్సాలో 550 మంది, టిబెట్ వైపు మరో 500 మంది. అందులో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవారూ ఉన్నారు. వాళ్లందరి చేతిలోనూ 45 నిమిషాలని వేసిన కాగితమే ఉండి ఉంటుంది.

విమానం ఆలస్యం ఎక్కడైనా మామూలే కదా, దీనికింత చర్చ ఎందుకని ఎవరైనా అడగొచ్చు. బెంగళూరులో విమానం మూడు గంటలు ఆలస్యమైతే సాయంత్రానికైనా ఇల్లు చేరతాం. వేరే విమానం ఉంది, రైలుంది, రాత్రి బస్సుంది. సిమికోట్‌లో నమ్ముకోదగ్గ వేరే దారి లేదు. హుమ్లాను దేశంలోని మిగతా రోడ్లతో కలపడానికి కర్నాలీ నది వెంట కొండ తవ్వుతూ ఏళ్లకేళ్లు గడిచాయి. వానాకాలంలో ఆ మట్టిదారుల మీద చరియలు విరిగిపడతాయి. మబ్బు విమానాన్ని ఆపిన రోజే వాన రోడ్డునూ ఆపుతుంది. హెలికాప్టర్ ఉందిగా అంటే, రన్‌వే అక్కర్లేదన్న మాటే గానీ మబ్బులో కొండ కనిపించకపోతే దానికీ అదే ప్రమాదం. బరువు విషయంలో అది ఇంకా బీద. ఒక్కో ట్రిప్పుకు నలుగురైదుగురు ఎక్కితే గొప్ప. వందలమంది ఆగిపోయిన చోట అది రోగుల్ని కాపాడుతుంది గానీ వరుసను తగ్గించలేదు.

ఉపగ్రహాల సాయంతో మబ్బులోనూ దింపే పద్ధతులు వచ్చాయి కదా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. వచ్చాయి. మైదానాల్లో, వెడల్పైన లోయల్లో అవి బాగా పనిచేస్తున్నాయి. కానీ దిగే దారి ఎంత కచ్చితంగా తెలిసినా, చివరి నిమిషంలో దిగడం కుదరకపోతే మళ్లీ పైకి లేచి చుట్టు తిరగడానికి ఖాళీ ఆకాశం కావాలి. ఇరుకు లోయలో ఎదురుగా ఉండేది ఆకాశం కాదు, కొండ. నేపాల్‌లోనే ఉన్న లుక్లా విమానాశ్రయం సంగతి చాలామంది వినే ఉంటారు. 527 మీటర్ల రన్‌వే, దాదాపు 12 శాతం వాలు, దిగేది ఒక్క వైపు నుంచే, రన్‌వే చివర కొండ గోడ. అలాంటి చోట ఉపగ్రహం చెప్పేది మన చోటునే, పక్కకు తిరగడానికి చోటును పుట్టించలేదు. 2022 మే 29న పోఖరా నుంచి జోమ్‌సోమ్‌కు బయల్దేరిన ట్విన్ ఆటర్ కొండను ఢీకొని అందులో ఉన్న 22 మందీ చనిపోయారు. వారిలో నలుగురు భారతీయులు. ఇరవై నిమిషాల ప్రయాణం అది. ఇలాంటి దారిలో పైలట్ ఇవాళ వద్దు అన్నాడంటే అతను తన పని చేసినట్టు. ఆ మాటను గౌరవించే వ్యవధి మన ప్రయాణపు ఏర్పాటులో ఉండాలి. మర్నాడు సాయంత్రం లక్నోలో హైదరాబాద్ విమానం పట్టుకోవాల్సిన పాతికమంది ఆ పైలట్ చుట్టూ మూగి అడుగుతుంటే, జట్టు నాయకుడు గంటగంటకూ ఫోన్ చేస్తుంటే, ఆ మాట చెప్పడం కష్టమవుతుంది. డబ్బు వెనక్కి రాని తిరుగు టికెట్టు ఈ దారిలో ప్రమాదాన్ని పెంచే వస్తువు.

ఇది హిమాలయాల ఇబ్బంది, మనకేం సంబంధం అనుకోవడానికీ లేదు. చిన్న ఊళ్లకు విమానాలు నడిపించడానికి కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న మొదటి విడత మార్గాలు ప్రారంభించినప్పుడు హైదరాబాద్, కడప మధ్య విమానం కూడా అందులో ఉంది. తిన్నగా 300 కిలోమీటర్లు, గంట ప్రయాణం. 2023లో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక ప్రకారం ఉడాన్ మూడో విడత వరకు కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ల గడువు పూర్తిచేసినవి 112. విమానం తిరగని మార్గంలో ప్రయాణకాలం గంట అని చెప్పుకుని ఏం లాభం? రెండు చిన్న విమానాశ్రయాల మధ్య దూరం అడిగితే ముందు చెప్పాల్సింది వారానికి ఎన్ని రోజులు విమానం నిజంగా ఎగురుతుందన్నది. కిలోమీటర్లు ఆ తర్వాత.

అన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది శరీరం లెక్క. నేపాల్‌గంజ్‌లో రాత్రి ఫ్యాను కింద పడుకున్న మనిషి, అంతా అనుకున్నట్టు జరిగితే, మర్నాడు మధ్యాహ్నానికి 3,600 మీటర్ల పైన హిల్సాలో ఉండగలడు. ఒక్క పూటలో 3,400 మీటర్ల ఎత్తు. 3,000 మీటర్లు దాటాక రాత్రి నిద్రపోయే చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని పర్వత వైద్యులు చెబుతారు. అక్కణ్ణించి మానససరోవరం దాదాపు 4,600 మీటర్లు, పరిక్రమలో దాటే డోల్మా కనుమ 5,600 మీటర్ల పైన. తలనొప్పి, వాంతి, నిద్ర పట్టకపోవడంతో మొదలై, ముదిరితే ఆయాసం, తూలిపోవడం దాకా వెళ్లే ఈ జబ్బుకు అసలైన చికిత్స ఒక్కటే, వెంటనే కిందికి దిగడం. దిగడానికి కావలసింది మళ్లీ ఆ హెలికాప్టరే, ఆ విమానమే, ఆ తెరిపే. ఎక్కేటప్పుడు 45 నిమిషాలుగా కనిపించిన దూరం దిగాల్సి వచ్చినప్పుడు మూడు రోజులైతే రోగి ఏమవుతాడు? అందుకే సిమికోట్‌లో వాతావరణం బాగున్నా సరే రెండు రాత్రులు ఆగడం మంచిదంటాను. కరపత్రం దృష్టిలో అది దండగ రోజు. శరీరం పల్చని గాలికి అలవాటు పడడం మొదలుపెట్టేది ఆ రోజునే.

అన్ని రోజులని చెబితే ముసలివాళ్లు, డబ్బు కూడబెట్టుకుని బయల్దేరేవాళ్లు జంకి ఆగిపోరా అంటారు. ఈ మాటలో న్యాయముంది. నాలుగు రోజులు పెరిగితే ఖర్చు పెరుగుతుంది, సెలవు దొరకదు. కానీ ఆ నాలుగు రోజులూ ఎలాగూ ఖర్చయ్యే అవకాశం ఉన్నవే. ముందే తెలిస్తే వాటికి డబ్బు, మందులు, సెలవు సిద్ధం చేసుకుంటాడు. తెలియకపోతే సిమికోట్‌లో అప్పు చేసి గడుపుతాడు. మన పూర్వులకు ఇది తెలుసు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, కాశీ వెళ్లి, 1831 సెప్టెంబర్ 3న తిరిగి చేరారు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర నిండా మజిలీలే. ఎక్కడ నీళ్లు దొరుకుతాయి, ఎక్కడ వంట చేసుకోవచ్చు, ఏ ఏరు పొంగితే ఎక్కడ ఆగాలి అన్నవే ఆయన లెక్క. మజిలీ అంటే ఆగిన చోటు. ప్రయాణాన్ని ఆగిన చోట్లతో కొలిచేవాడికి ఆగడం ప్రయాణంలో భాగమే. యాత్ర కరపత్రాల్లో ఆ కొలతను మళ్లీ తేవచ్చు. నేపాల్‌గంజ్ నుంచి సిమికోట్, తెరిపి ఉంటే ఒక పూట, లేకపోతే నాలుగు రోజుల దాకా, అని వేస్తే సరిపోతుంది. వెళ్లేటప్పుడు రెండు, వచ్చేటప్పుడు రెండు ఖాళీ రోజులు టికెట్ ధరలోనే కలపాలి. లక్నో నుంచి తిరుగు టికెట్టు మార్చుకోవడానికి వీలున్నదే కొనాలి. మందులు పది రోజులకు బదులు ఇరవై రోజులకు పెట్టుకోవాలి. ఇవేవీ ప్రభుత్వాలు చట్టం చేస్తే తప్ప జరగనివి కావు.

హుమ్లా వాళ్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. మనకు జన్మకోసారి వచ్చే ఈ ప్రయాణం వాళ్లకు ఏడాది పొడుగునా అవసరం. యాభై వేల పైచిలుకు జనం ఉన్న జిల్లా అది. ఒకప్పుడు గొర్రెల వీపుల మీద చిన్న చిన్న సంచుల్లో టిబెట్ ఉప్పు దక్షిణానికి తెచ్చి, ధాన్యం మార్చుకుని వెనక్కి వెళ్లేవారు. తర్వాత్తర్వాత సబ్సిడీ బియ్యం కూడా విమానంలోనే వచ్చే పరిస్థితి ఏర్పడింది. నేపాల్‌గంజ్ ఆస్పత్రికి పోవాల్సిన గర్భిణీ, పరీక్ష రాయాల్సిన కుర్రాడు, జీతం తెచ్చుకోవాల్సిన మాస్టారు అందరూ ఆ 19 సీట్ల కోసమే ఎదురుచూస్తారు. జూలైలో మనం వందల సంఖ్యలో ఆ వరుసలోకి చేరితే వరుస పెరిగేది వాళ్లకు కూడా. సెప్టెంబర్ దాటాక రుతుపవనాలు వెనుదిరుగుతాయి, యాత్రికులు ఇళ్లకు చేరతారు. అక్టోబర్ పొద్దుటిపూట సిమికోట్ లోయ అంచు నుంచి అంచు దాకా తేటగా ఉంటుంది. విమానం బియ్యం బస్తాలు దింపుతుంది, ఊరివాళ్లను ఎక్కించుకుంటుంది. చలికాలపు మంచు కురిసేదాకా ఆ కొన్ని వారాలు నేపాల్‌గంజ్ నుంచి సిమికోట్ చాలా రోజుల్లో నిజంగా 45 నిమిషాలే.